రేటు తగ్గించాలా, పని తగ్గించాలా? హన్మకొండ చీరల షాపు వెబ్‌సైట్ బేరం

సుబేదారి డెస్క్:
హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చీరల షాపు. బతుకమ్మ లోపు వెబ్‌సైట్ కావాలని పిలిచారు. 200 చీరల ఫొటోలు, ధరలు, వాట్సాప్ బటన్, మూడు నెలల పాటు నెలకు 8 ఇన్‌స్టా పోస్టులు. అంతా రాసుకుని, లెక్కేసుకుని 40,000 అని చెప్పాను. సేటు కాగితం వైపు కూడా చూడలేదు. "గంత రేటా తమ్మీ? మా బామ్మర్ది కొడుకు ఎన్మిది వేలకే చేస్తనన్నడు. నువ్వు మనోనివని పదిహేను ఇస్త" అన్నాడు. అప్పటికే చాయ్ తెప్పించాడు. చాయ్ తాగాక కాదనడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. రెండు రోజుల్లో చెప్తానని లేచి వచ్చాను.

25,000కు దిగుదామా అని మనసు లాగుతోంది. ఇంట్లో అయితే "ఖాళీగా కూర్చునేకంటే పదిహేనైనా నయం కదరా" అంటున్నారు. ఈ పనిలోకి వచ్చి మూడేళ్లు. దిగాలా, వదిలేయాలా?

కాజీపేట ప్యాసింజర్:
ఊరికే మాత్రం దిగొద్దు. 40 చెప్పి 25కు ఒప్పుకుంటే, నువ్వు పైన కలిపి చెప్పిన 15 వేలు ఉత్తదే అని సేటుకు అర్థమైపోతుంది. రేపు నువ్వు నిజమైన రేటు చెప్పినా సగానికి అడుగుతాడు. పైగా అక్కడ షాపులన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. నీ 25 సాయంత్రానికి పక్క షాపులో తెలుస్తుంది. తగ్గించక తప్పదంటే పని తగ్గించు. ఇన్‌స్టా తీసెయ్, 200 చీరలు కాదు 40 పెడతానను, అప్పుడు 22 అని చెప్పు.

ఎనుమాముల వాసి:
ఇవన్నీ హైదరాబాద్ కంపెనీల దగ్గర నడుస్తాయి తమ్మీ. రోజంతా బేరం మీద బతికే చీరల షాపు ఓనర్ బేరం ఆడకుండా కొంటాడా? నువ్వు 40 అన్నదే బేరానికి అన్నావనుకున్నాడు. మా నాన్న ప్రతి ఏడాది మిర్చి తీసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోతాడు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం పాడతారు, తెల్లారి పేపర్లో వచ్చేది ఆ ధరే. అది మంచి సరుకు ఉన్న ఏ ఒకటి రెండు లాట్లకో పడుతుంది. మిగతా బస్తాలన్నీ అక్కడి నుంచి దిగేవే. మా నాన్న ఎన్నడూ దాన్ని అవమానం అనుకోలేదు, ఇంటికి ఎంత తెచ్చాడన్నదే చూసుకున్నాడు. 25 వస్తే తీసుకో.

కాజీపేట ప్యాసింజర్:
అన్నా, నీ మిర్చి నా వైపే మాట్లాడుతోంది. జెండా పాట నుంచి దిగిన ప్రతిసారీ ఖరీదుదారు ఒక కారణం చూపిస్తాడు. తేమ ఉందంటాడు, రంగు లేదంటాడు, తాలు కలిసిందంటాడు. సరుకు వేరు కాబట్టి ధర వేరు అన్నట్టే కదా? మనవాడు ఏ కారణమూ లేకుండా అదే సరుకును 15,000 తక్కువకు ఇస్తానంటున్నాడు.

ఎనుమాముల వాసి:
ఆ తేమ ఎంత నిజమో మా నాన్ననడుగు, చెప్తాడు.

షట్టర్ పక్కన:
నేను ఇటువైపు మనిషిని. హార్డ్‌వేర్ దుకాణం నాది. మీరంతా సేటును పిసినారి కింద జమ కట్టారు, అందుకే రాస్తున్నాను. ఐదేళ్ల కింద ఒక అబ్బాయికి 30,000 ఇచ్చి సైట్ చేయించుకున్నాను. ఏడాది బాగానే ఉంది. తర్వాత ఒక రోజు తెరుచుకోలేదు. డొమైన్, అంటే సైట్ అడ్రస్, ఆ అబ్బాయి పేరు మీదే ఉందట, రెన్యువల్ కట్టలేదట. అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఫోన్ ఎత్తడు. ఆ పేరు మళ్లీ నాకు దొరకలేదు. బోర్డు మీద రాయించిన అడ్రస్ చెరిపించుకోవడానికి పెయింటర్‌కు ఇంకో 600.

ఆ దెబ్బ తర్వాత ఎవరు ఎంత చెప్పినా సగానికే అడుగుతున్నాను. పోతే సగమే పోతుందని. మీరు పేజీలు, బటన్లు లెక్కపెట్టి చెప్తారు, మాకు అవి తలకెక్కవు. వచ్చే ఏడాది ఎంత కట్టాలి? డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుంది? ధర మార్చాలంటే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ మూడూ ముందు చెప్పినవాడితో నేను 40 గురించి కూడా మాట్లాడతాను. ఆ బామ్మర్ది కొడుకు చౌక అని కాదు, పిలిస్తే వస్తాడని.

సుబేదారి డెస్క్:
అయ్యో, ఈ మూడింటిలో ఒక్కటీ నా కాగితంలో లేదు.

కెమెరా బ్యాగు:
రేటు సంగతి మీరు తేల్చుకోండి, నేను వసూలు సంగతి చెప్తాను. పెళ్లిళ్లకు మేం మూడు వాయిదాలు తీసుకునేవాళ్లం. బుకింగ్‌కు, పెళ్లి రోజు, ఆల్బమ్ ఇచ్చేప్పుడు. ఆ మూడోది ఎప్పుడూ తిప్పించుకునేదే. ఒకసారి కోపంతో ఫొటోలు ఇవ్వనని కూర్చున్నాను. తెలిసిన వకీలు చెప్పాక దిగాను: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులట. ఇప్పుడు బాకీ తీరాకే ఆల్బమ్ ప్రింటుకు పంపుతాను. వెబ్‌సైట్ కోడ్ అలా కాదు. నువ్వు వాళ్ల ఉద్యోగివి కాదు కాబట్టి రాతపూర్వకంగా రాసిచ్చేదాకా హక్కు నీదే. మొత్తం డబ్బు ముట్టాక హక్కు మీకు వస్తుందని ఒక్క లైన్ రాసుకో.

ఇంకోటి, ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకో, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు అది. ఉచితం. ఏజెంట్ ఫీజు అడిగితే ఇవ్వకు. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో చెల్లింపు గడువు ఉంది. ఒప్పందం లేకపోతే 15 రోజులు, రాసుకున్నా 45 రోజులకు మించకూడదు. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. చీరల షాపు మీద ఎవరూ కేసు వేయరనుకో. కానీ పెద్ద కంపెనీలకు పంపే బిల్లు మీద ఆ ఉద్యం నంబర్ కనబడితే వాళ్ల ఆడిటరే తొందరపెడతాడు. గడువు దాటిన బాకీని కట్టిన ఏడాదిలోనే పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవాల్సి వస్తుంది కాబట్టి.

ఎనుమాముల వాసి:
నాకు అర్థం కానిది ఒకటే. ఆన్‌లైన్‌లో ఇలాంటి పనులు ఇప్పించే ఫైవర్ వాళ్లు ప్రతి ఆర్డర్ మీద 20 శాతం కోసుకుంటే నోరు మెదపరు. మన ఊరి సేటు జర తగ్గించమంటే ఇంత పంచాయితీ పెడతారు.

కాజీపేట ప్యాసింజర్:
ఫైవర్ క్లయింట్‌ను తెచ్చిస్తుంది. సేటు ఏం తెచ్చిస్తాడు?

షట్టర్ పక్కన:
పక్క షాపును.

సుబేదారి డెస్క్:
నిన్న సాయంత్రం వెళ్లొచ్చాను. ఈసారి రేటు ఎత్తలేదు. డొమైన్ మీ పేరు మీద, మీ ఫోన్ నుంచే కొందాం అన్నాను. సేటు అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయనకూ పాత కథ ఒకటుందట, అది చెప్పడానికే అరగంట పట్టింది. రెండు కాగితాలు ముందు పెట్టాను. ఒకటి మొత్తం పని, 40,000. రెండోది 40 చీరలు, ఇన్‌స్టా లేదు, 22,000. ఏడాది తర్వాత ఎంత కట్టాలో, ధరలు ఎవరు మార్చాలో రెండింటి మీదా రాశాను. రెండోది తీసుకుని "ఇరవై చేసుకో తమ్మీ" అన్నాడు. సరే, 30 చీరలు పెడతానన్నాను. నవ్వాడు. "నాకంటే గట్టోనివున్నవ్" అని 10,000 అక్కడికక్కడే ఫోన్‌పే కొట్టాడు. మిగతాది సైట్ తెరిచే రోజు. ఇన్‌స్టా బామ్మర్ది కొడుకు చూసుకుంటాడట.

ఎనుమాముల వాసి:
అంటే 40 నుంచి 20కు దిగావు. నేను మొదటి రోజే చెప్పాను కదా.

కాజీపేట ప్యాసింజర్:
చీరలు 200 నుంచి 30 అయ్యాయి, అది కనబడలేదా?

సుబేదారి డెస్క్:
మీరిద్దరూ తేల్చుకోండి. ఫొటోలు మాత్రం నా ఫోన్‌తో సరిగా రావడం లేదు, జరీ అంతా తెల్లగా కొడుతోంది. కెమెరా బ్యాగు అన్నా, ఒక పూట వస్తే ఎంత తీసుకుంటారు? మనవాళ్ల రేటు చెప్పండి.

కెమెరా బ్యాగు:
నువ్వు చాయ్ మాత్రం తెప్పించకు, చెప్తా.