పీఎస్5 ఖర్చు తగ్గించుకునే దారులు: డిస్కా, డిజిటలా, సెకండ్ హ్యాండా?

మియాపూర్ నాన్న: పిల్లలిద్దరూ పీఎస్5 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 గేమింగ్ కన్సోల్) కావాలని పట్టుబట్టారు. డిస్కు డ్రైవ్ ఉన్న స్లిమ్ (సన్నటి కొత్త మోడల్) 2024 ఏప్రిల్‌లో మన దేశంలో 54,990 రూపాయలకూ, డ్రైవ్ లేక ఆటలు ఆన్‌లైన్‌లోనే కొనాల్సిన డిజిటల్‌ది 44,990కీ విడుదలయ్యాయి. ఆ పదివేలు మిగుల్చుకోవాలా, సెకండ్ హ్యాండ్‌కు వెళ్లాలా, లేక డాలస్‌లో ఉన్న మా బావమరిది చేత తెప్పించుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రెండో కంట్రోలర్ విషయంలోనూ సలహా ఇవ్వగలరు.

డిస్కువాది: డ్రైవ్ లేనిది కొనవద్దండీ. 4,999 పెట్టి కొన్న కొత్త ఆటను నెల తిరగకుండా ముగించి అమ్మితే నాకు చాలాసార్లు మూడువేలు వెనక్కి వచ్చాయి. డిజిటల్ ఆట మన ఖాతాలోనే పడి ఉంటుంది కాబట్టి దాన్ని అమ్ముకునే వీలు లేదు. నాలుగైదు ఆటలతో ఆ పదివేలూ రాబట్టుకోవచ్చు.

సేల్‌రాయుడు: విడుదలైన వారంలోనే ఎగబడి కొనేవారికే ఆ లెక్క కుదురుతుంది. కొంతకాలం ఓపిక పడితే అవే ఆటలు సోనీ ఆన్‌లైన్ స్టోర్‌లో సగం ధరకు దొరుకుతాయి, డిస్కు కొనేవాడి కోసం వెతుక్కునే తిప్పలూ ఉండవు. అసలు మన నడ్డి విరుస్తున్నది 28 శాతం జీఎస్టీ.

పన్నుల పంతులు: ఆ 28 శాతం 2018తోనే పోయింది. 2019 జనవరి 1 నుంచి కన్సోళ్లపై జీఎస్టీ 18 శాతమే. భారమంతా దిగుమతి సుంకంలో ఉంది, దాన్ని 2018 బడ్జెట్‌లో 10 శాతం నుంచి 20కి పెంచారు. ఆ సుంకంపై పదో వంతు సర్‌ఛార్జి, ఇవన్నీ కూడిన మొత్తంపై 18 శాతం జీఎస్టీ కలిపితే వంద రూపాయల సరుకు దాదాపు 144 అవుతుంది. తెలియనప్పుడు రాయకుండా ఉండటం మేలు.

సేల్‌రాయుడు: అంటే పన్నే కదండీ, పేరు మారిందంతే! దానికి ఇంత పాఠం అవసరమా?

పీఎస్2 తరం: పన్ను దగ్గరే కొట్టుకుంటే ఎలా? ఈ పన్నులు మారకుండానే 2022లో ఇక్కడ డిస్కు పీఎస్5 ధర 49,990 కాస్తా 54,990 అయింది. అమెరికాలో పాత తరం కన్సోల్ పీఎస్2 2000లో 299 డాలర్లకు వచ్చి 2009 నాటికి 99కి దిగింది. పీఎస్5 అక్కడ 2020లో 499.99కి వచ్చి, 2025 ఆగస్టులో 549.99కి ఎక్కింది. చిప్పు చిన్నదవుతున్న కొద్దీ చవకయ్యే రోజులు పోయాయి, దానికితోడు ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతున్నాయి. దసరా, దీపావళి ఆఫర్లలో కాస్త తగ్గిస్తారేమో గానీ, అసలు ధర దానంతట అదే దిగుతుందని కూర్చోవడం దండగ. డాలస్‌లోనూ సేల్స్ ట్యాక్స్ కట్టాలి, పైగా ఇక్కడ వారంటీ కోసం తిరగాలి, కాబట్టి బావమరిదిని వదిలేయండి.

రిపేరు బల్ల: ఏళ్ల తరబడి ఈ కన్సోల్ పెట్టెలు విప్పి రిపేరు చేస్తున్నవాడిని, నేను చెప్పేది వినండి. సెకండ్ హ్యాండే సరైన దారి, కానీ చూసి కొనాలి. స్లిమ్‌కు ముందొచ్చిన పాత లావు మోడల్‌లో డ్రైవ్ బోర్డు మదర్‌బోర్డుతో జతపడి ఉంటుంది. వేరే పెట్టెలోని బోర్డు తెచ్చి తగిలిస్తే డిస్కు లోపలికి వెళ్తుంది గానీ ఆట తెరుచుకోదు. అందుకని మీరే ఒక డిస్కు తీసుకెళ్లి, ఆట మొదలయ్యే దాకా ఆడించి చూడండి. టీవీ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్ట్‌లో పిన్నులు వంగాయేమో టార్చ్ వేసి చూడండి. సీలు ఊడిన పెట్టెను ముట్టుకోవద్దు, లోపల చిప్పు వేడిని లాగే లిక్విడ్ మెటల్‌ను ఎవరు ఎలా కెలికారో చెప్పలేం.

డిస్కువాది: ఇలా భయపెట్టి అందరినీ మీ దుకాణానికి రప్పించుకోవాలనా అన్నగారూ? నేను రెండుసార్లు పాతదే కొన్నాను, ఏ టార్చీ వేయలేదు.

రిపేరు బల్ల: నా దుకాణం ఎక్కడో కూడా నేను చెప్పలేదు తమ్ముడూ. పోర్ట్ పోయిన పెట్టె ఒక్కటి తగిలితే టార్చ్ ఎందుకో మీకే తెలిసొస్తుంది. నాన్నగారూ, డబ్బు చేతిలో పెట్టే ముందు మీ ఖాతాతో ఆన్‌లైన్‌లోకి లాగిన్ అయి చూడండి. సోనీ ఆన్‌లైన్ సేవల నుంచి నిషేధం పడిన కన్సోల్ అయితే అమ్మేవాడి ఎదుటే బయటపడుతుంది.