చదువుతుండగా చేయి ఫోను మీదికే ఎందుకు పోతుంది?

ప్రశ్న:
గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నాను. పేజీ పూర్తికాకముందే, మోగని ఫోనును అందుకుని, తెర వెలిగించి, ఏమీ లేదని చూసి బోర్లా పెట్టి, రెండు నిమిషాలకు మళ్లీ అదే పని చేస్తున్నాను. నోటిఫికేషన్లు ఆపేసి నెల దాటింది. లోపం నా మనోబలానిదా, యాప్‌ల తయారీదా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
‘ఏమీ లేదని చూసి’ అన్న మీ మాటలోనే కీలకం ఉన్నది. మనస్తత్వవేత్తలు స్కిన్నర్, ఫెర్‌స్టర్ 1957లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒక మీటను ముక్కుతో నిర్ణీత సంఖ్యలో పొడిస్తే గింజలు దొరికే పావురం తిన్నాక కాసేపు ఆగేది. ఎన్ని పోట్లకు దొరుకుతాయో ఊహకందని పావురం మాత్రం దాదాపు ఆగకుండా పొడుస్తూనే ఉండేది. మీ ఫోనులోనూ సందేశం అప్పుడప్పుడే ఉంటుంది కనుకనే ఇన్నిసార్లు చూస్తున్నారు. దీన్ని మనోబలం ఖాతాలో వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రెండవ జవాబు:
తయారీ పాత్ర కూడా తక్కువేమీ కాదు. పేజీకి అడుగు లేకుండా చేసే అంతులేని స్క్రోల్‌ను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తరువాత దానిపై బహిరంగంగానే విచారం వ్యక్తం చేశారు.

మూడవ జవాబు:
చూసింది రెండు క్షణాలే అయినా నష్టం అంతటితో ఆగదు. పని మారినప్పుడు పాత పనిపై కొంత ధ్యాస మిగిలిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపారు. నేను ఫోనును వంటింట్లో బియ్యం డబ్బా మీద పెడతాను. లేచి నడవాల్సి వచ్చేసరికి, సగంసార్లు ఎందుకు లేచానో గుర్తుకొచ్చి కూర్చుంటాను.