గండికోట లోయలోంచి చెక్‌పాయింట్ టైములు పైకి పంపాలంటే ఏ రేడియో?

జమ్మలమడుగు_కుర్రోడు:
గండికోట దగ్గర ఓరియెంటీరింగ్ రేసు (మ్యాపు చూసుకుంటూ చెక్‌పాయింట్లు వెతుక్కుంటూ పరిగెత్తే పోటీ) పెడుతున్నాం. ఫినిష్ కోట బయట, పైన. ఒక కంట్రోల్ (అంటే చెక్‌పాయింట్) పెన్నా ఒడ్డున, ఇంకోటి 2 కిలోమీటర్ల అవతల చదును నేలమీద. స్పోర్ట్‌ఐడెంట్ ఎస్ఆర్ఆర్ స్టేషన్లు (కార్డు పెడితే టైము నమోదు చేసుకుని దగ్గర్లోకి రేడియోలో పంపేవి) ఉన్నాయి. లోయలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. 433 మెగాహెర్ట్జ్ లోరా మాడ్యూళ్లు (తక్కువ పవర్‌తో చిన్న సందేశాల్ని దూరం పంపే రేడియోలు) చవగ్గా దొరుకుతున్నాయి, తీసుకోమంటారా అన్నా?

ఎర్రమల_రేడియో:
వద్దు తమ్ముడూ. లైసెన్సు లేకుండా 433లో 10 మిల్లీవాట్లకే అనుమతి. 865–867 మెగాహెర్ట్జ్‌లో 1 వాట్ దాకా వాడొచ్చు. 868 రకం మాడ్యూల్ కొని 866కి పెట్టుకో. యాంటెన్నా కూడా ఆ బ్యాండుదే ఉండాలి. అది బిగించకుండా పవర్ ఇస్తే ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు.

స్టేషన్ నుంచి ఎస్ఆర్ఆర్ డాంగిల్ (స్టేషన్ పంపేది అందుకునే యూఎస్‌బీ ముక్క) నాలుగైదు మీటర్లు దాటకూడదు, ఇనుప డబ్బాలో అసలు పెట్టొద్దు. డాంగిల్‌ని రాస్ప్‌బెర్రీ పై జీరో 2 అనే చిట్టి కంప్యూటర్‌కి తగిలించి 38400 బాడ్ వేగంతో చదువు, అక్కణ్ణుంచి లోరాకి.

చదును నేలమీది కంట్రోల్‌కి చూపు అందితే చాలదు. 2 కిలోమీటర్ల దారి మధ్యలో, సూటి గీతకి చుట్టూ 8 మీటర్లన్నా ఖాళీ ఉండాలి. అక్కడ యాంటెన్నాని పీవీసీ పైపు మీద వీలైనంత పైకి ఎత్తు. లోయకి మాత్రం రిపీటర్ (అందిన సందేశాన్ని మళ్లీ ముందుకి పంపే రేడియో) తప్పదు. కింద కంట్రోలూ, ఇటు ఫినిషూ రెండూ కంటికి కనిపించే చోటు గట్టు అంచున వెతుకు. కాస్త వెనక్కి జరిగినా అంచు రాయే అడ్డమొస్తుంది.

జమ్మలమడుగు_కుర్రోడు:
దూరం కోసం ఎస్ఎఫ్12 (లోరాలో అన్నిటికంటే నెమ్మదిగా పంపి, ఎక్కువ దూరం అందే సెట్టింగు) పెట్టమంటారా?

అనంత_టైమింగ్:
పెట్టొద్దండి. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో 20 బైట్ల సందేశానికి ఎస్ఎఫ్12 దాదాపు 1.3 సెకన్లు తీసుకుంటుంది, ఎస్ఎఫ్9కి 0.19 సెకను చాలు. పది మంది గుంపుగా పంచ్ చేస్తే (స్టేషన్లో కార్డు పెడితే) ఎస్ఎఫ్12లో సందేశాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రిపీటర్ ఉంటే ఆ రద్దీ రెట్టింపు. అందింది అన్న జవాబు రాకపోతే 300–800 మిల్లీసెకన్లలో ఏదో ఒక వ్యవధి ఆగి మళ్లీ పంపేలా రాయండి. అలా రెండుసార్లు వచ్చినవాటిని కార్డు నంబరు, కంట్రోల్ కోడ్, టైము మూడూ కలిపి చూసి ఒకటి తీసేయండి. లెక్కకి పంచ్ టైమే తీసుకోండి, సందేశం అందిన టైము కాదు. అందుకే రేసు పొద్దున స్టేషన్ల గడియారాలన్నీ ఒకేసారి కలపాలి. తుది ఫలితం ఎలాగూ ఫినిష్‌లో కార్డు చదివాకే.

ఎర్రమల_రేడియో:
ఇంకోటి. ఈఎస్పీ32 చిప్ బోర్డుతో చేసిన రిపీటర్‌ని పవర్ బ్యాంకుతో నడపొద్దు. కరెంటు మరీ తక్కువ లాగుతుంది కాబట్టి ఛార్జింగ్ అయిపోయిందనుకుని బ్యాంకు తనంతట తానే ఆగిపోతుంది. 18650 లిథియం సెల్‌ని నేరుగా బోర్డు బ్యాటరీ పిన్నుకి ఇవ్వు, ప్లస్ మైనస్ మీటరుతో చూసుకున్నాకే. పెట్టెని బండనీడన పెట్టి, యాంటెన్నా ఒక్కటి ఎండలోకి తియ్యి.