పాత సూపర్‌హీరో కామిక్స్‌లోని వెర్రి: కావాలని రాసిందా, మనకే నవ్వొస్తోందా?

పాతకాగితం:
1957 మార్చి 'డిటెక్టివ్ కామిక్స్' 241వ సంచిక నిన్న రాత్రి మళ్ళీ తిరగేశాను. బ్యాట్‌మ్యాన్ రోజుకో రంగు డ్రెస్ వేసుకుని దొంగల వెంట పడుతుంటాడు. చీకట్లో కలిసిపోవడమే పనిగా పెట్టుకున్న మనిషి, గులాబీ రంగులో! కారణం తర్వాత తెలుస్తుంది. ఒక పాపని కాపాడబోయి డిక్ గ్రేసన్ (బ్యాట్‌మ్యాన్ జోడీ రాబిన్ అసలు పేరు ఇదే, జనానికి తెలియదు) చేతికి దెబ్బ తగిలింది, జనం చూశారు. రాబిన్ చేతికీ అదే దెబ్బ కనిపిస్తే గుట్టు రట్టు. అందుకని అందరి కళ్ళూ తన బట్టల మీదే ఉండాలని ఈయన ప్లాన్. చివరికి ఇంద్రధనుస్సు చారల డ్రెస్ కూడా వేస్తాడు. నాలుగు రోజులు ఆ కుర్రాణ్ణి ఇంట్లో పడుకోబెడితే పోయేది కదా!

నా ఉద్దేశంలో రచయిత ఎడ్మండ్ హామిల్టన్ ఇక్కడ జోకేమీ వేయలేదు. 1954లో కామిక్స్ కంపెనీలు తమకి తామే పెట్టుకున్న నియమావళి, కామిక్స్ కోడ్ వచ్చింది. ప్రతిసారీ మంచే గెలవాలి, పోలీసుల మీద, జడ్జిల మీద గౌరవం తగ్గకూడదు. రక్తం, భయం కోసేశాక మిగిలింది బట్టల రంగులే. మనం నవ్వుతున్నది వాళ్ళ ఇబ్బందిని చూసి.

గోళీసోడా:
అన్నిటికీ కోడ్‌ని తిట్టడం తేలికేనండి. 1943లో కోడ్ ఎక్కడుంది? కెప్టెన్ మార్వెల్ అనే సూపర్‌హీరోని 1945 దాకా, 25 భాగాల సీరియల్‌లో ముప్పుతిప్పలు పెట్టిన మహా విలన్ మిస్టర్ మైండ్ ఎవరనుకున్నారు? ఒక పురుగు. కళ్ళజోడు, మెడలో బుల్లి మాట్లాడే పెట్టె. చివర్లో దాన్ని కోర్టుకి లాగి, విచారణ జరిపి, కరెంటు కుర్చీలో కూర్చోబెట్టారు. పురుగుని! రాసింది ఒట్టో బైండర్. 1953లో ఫాసెట్ కంపెనీ కెప్టెన్ మార్వెల్‌ని ఆపేశాక ఈయన సూపర్‌మ్యాన్ కథల వైపు వచ్చాడు. 1955లో కేప్ కట్టుకుని ఎగిరే కుక్క క్రిప్టోని పరిచయం చేసిన కథ కూడా ఈయనదే. చెయ్యి అదే, వెర్రి అదే. ఆయనకి తెలియకుండా జరిగిందంటే నేను నమ్మను.

వేపచెట్టు:
ఇద్దరూ రచయితల చుట్టూనే తిరుగుతున్నారు. ఎడిటర్లని చూడండి. 1951లో 'స్ట్రేంజ్ అడ్వెంచర్స్' 8వ సంచిక కవర్ మీద బోనులో గొరిల్లా. చేతిలో పలక. ఘోరమైన ప్రయోగానికి బలయ్యాను, నన్ను నమ్మమని దాని మీద రాసి ఒక అమ్మాయికి చూపిస్తుంటుంది. సంచిక బాగా అమ్ముడుపోయింది. ఇంకేముంది, ఆ తర్వాత ఎక్కడ చూసినా గొరిల్లాలే. ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్ పద్ధతి ముందు కవర్, తర్వాత కథ. శుభలేఖ అచ్చేయించి పెళ్ళికొడుకుని వెతికినట్టు! సూపర్‌మ్యాన్ ఎడిటర్ మోర్ట్ వైసింగర్ అయితే చుట్టుపక్కల పిల్లల్నే అడిగేవాడు, మీకేం కావాలర్రా అని.

పాతకాగితం:
మిస్టర్ మైండ్ దగ్గర నేను తగ్గుతాను. గొరిల్లా దగ్గర మాత్రం తగ్గను. అది సరుకు అమ్ముకునే కిటుకు, హాస్యం కాదు. వీటిని చూసి నవ్వడం మనకి నేర్పింది 1966 జనవరిలో మొదలైన టీవీ బ్యాట్‌మ్యాన్.

గోళీసోడా:
ఆ సీరియల్‌లో బ్యాట్‌మ్యాన్ వేషం వేసిన ఆడమ్ వెస్ట్ ఒక్కసారైనా నవ్వు మొహం పెట్టి డైలాగ్ చెప్పాడా? మొహం బిగబట్టి చెప్పాడు కాబట్టే నవ్వొచ్చింది. ఆ బిగబట్టిన మొహం కామిక్స్ నుంచి వచ్చిందే.

రాత్రిబండి:
లేటుగా వచ్చాను. మా ఎనిమిదేళ్ళవాడికి 'సూపర్‌మ్యాన్' 125వ సంచిక (1958) కథ తెలుగులో చెబుతూ చూపించాను. సూపర్‌మ్యాన్ శక్తులన్నీ పోతాయి. బదులుగా అరచేతిలోంచి బొటనవేలంత సూపర్‌మ్యాన్ బయటికొచ్చి పనులన్నీ చక్కబెడుతుంటాడు. జనం ఆ బుల్లోణ్ణి పొగుడుతుంటే పెద్దాయనకి కడుపుమంట. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. వాడు నవ్వలేదు. మొహం చిన్నబుచ్చుకుని చూస్తున్నాడు. మా ఇంట్లో చిన్నది పుట్టి ఆరు నెలలైంది లెండి, ఆ కడుపుమంట వాడికి బాగా తెలుసు. కథ అయ్యాక అడిగాడు: "ఆ చిన్నోడికి అన్నం ఎవరు పెడతారు నాన్నా?"

కాబట్టి రాసినవాడు జోకు వేశాడా లేదా అన్నది పక్కన పెడితే, ఆ పది సెంట్ల పుస్తకం కొనుక్కున్న పిల్లాడికి మాత్రం ఇది జోకు అయ్యుండదు.

గోళీసోడా:
అది మీ ఇంటి పరిస్థితి సార్! పురుగు కోర్టు సీను చూపించి చెప్పండి. అప్పుడూ నవ్వకపోతే ఈ చర్చలో ఓడిపోయినట్టు ఒప్పుకుంటా.

రాత్రిబండి:
చూపించాను. కళ్ళజోడు దగ్గర పకపకా నవ్వాడు. కరెంటు కుర్చీ దగ్గర ఆగిపోయి, "దానికి లాయరుని ఇచ్చారా?" అన్నాడు.