పడవల పాత డీజిల్ హీటర్ రాజుకుంటలేదు: బాగు చేయించాల్నా, కొత్తది పెట్టాల్నా?

హన్మకొండ (కొత్తగ వచ్చిన):
అందరికి నమస్తే. మాది సుబేదారి. ఇంగ్లండ్‌ల కిరాయిలు చూసి భయమై, దోస్తుతోని కలిసి ఉండేతందుకు కాలువ మీద పాత నారోబోట్ (సన్నటి పొడుగు పడవ) కొన్నం. దాంట్ల 2 కిలోవాట్ల డీజిల్ హీటర్ ఉన్నది. స్విచ్ వేస్తె ఫ్యాన్ తిరుగుతది, పంపు టిక్ టిక్ అంటది, బయటి గొట్టంలకెల్లి తెల్ల పొగ వస్తది, జరసేపటికి బందైతది. పడవలు బాగుచేసే బోట్‌యార్డోళ్లు కొత్తది పెట్టాలె అంటున్నరు. ఏం జేయాలె?

కాజీపేట:
తమ్మీ, పైసలు కట్టకముందే వోల్టులు చూసే ఒక మీటరు కొనుక్కో. తెల్ల పొగ అంటే డీజిల్ లోపలికి వస్తున్నది గాని అంటుకుంటలేదు. డీజిల్‌ను అంటించే గ్లో పిన్ ఎర్రగ కాలాలంటే మొదట్ల 8 ఆంపియర్ల దాక కరెంటు గుంజుతది. బ్యాటరీ కాడ 12.5 వోల్టులు చూపిస్తది, హీటర్ కాడికి వచ్చేసరికి పడిపోతది. 12 వోల్టుల ఎబర్‌స్పాకర్ కంపెనీ హీటర్ అయితె 10.5 కిందికి పోతె తనంతట తనే బంద్ చేసుకుంటది. మీటరు పుల్లలు బ్యాటరీ మీద గాదు, హీటర్ ప్లగ్గు కాడ పెట్టి, స్టార్ట్ అయ్యేటప్పుడు చూడు.

నాకు ఒక యార్డుల గిదే జరిగింది. జనవరి నెల, కాలువ మీద మంచు పలక కట్టింది. వాళ్లు మూత గూడ ఇప్పకుంట "చాంబర్ (డీజిల్ కాలే గది) పోయింది" అని కొత్త హీటర్ బిగించి బిల్లు చేతిల పెట్టిండ్రు. అదీ అంటుకోలే. అడిగితె "నీ బ్యాటరీలు పోయినయ్, అవి గూడ మార్చు" అన్నరు. పాత హీటర్ వాపస్ ఇయ్యుమంటె పారేసినం అన్నరు. ఆఖరికి పక్క పడవల ఉండే పెద్దమనిషి, ఎన్కట లారీ మెకానిక్, కింది పలక లేపి ఫ్యూజు హోల్డర్ చూపించిండు. రాగి మీద పచ్చటి చిలుము, వేలు తాకితె పొడి రాలుతున్నది. అది మార్చినంక ఒక్కపారికే రాజుకున్నది. యార్డోళ్లు ఒక్క పైస తిరిగియ్యలే. ఎవలు పని చేసినా, ఇప్పిన పాత సామాను నీకే ఇయ్యాలని ముందే కాయితం మీద రాయించుకో.

పరకాల:
అన్న చెప్పింది నిజమే, గాని వోల్టేజ్ మంచిగున్నా అంటుకోకపోతె మసి చూడాలె. తక్కువ మంట మీద గంటలకు గంటలు నడిపితె తడి కట్టెల పొయ్యి లెక్క లోపల మసి పేరుకుంటది. గ్లో పిన్ చుట్టు ఉండే సన్న జాలి పూడుకపోతది, అది మార్చాలె. చాంబర్ ఇప్పితె పాత గాస్కెట్ మళ్ల పెట్టొద్దు. అప్పుడప్పుడు అరగంట ఫుల్ మీద నడుపు. ఇంకోటి, బ్యాటరీ స్విచ్చుతోని ఎన్నడు ఆపకు. ఫ్యాన్ తిరిగి చల్లారేదాక ఆగాలె, లేకపోతె లోపలి భాగాలు ఖరాబైతయ్.

జమ్మికుంట:
ఎందుకింత లొల్లి? చైనా హీటర్ తెచ్చుకో, పాతదాని చాంబర్ ధరకే మొత్తం వస్తది. ఎట్లైనా తక్కువ పన్నుతోని వచ్చే ఎర్ర డీజిల్ 2022ల బంద్ చేసిండ్రు, ఇగ ఏది నడిపినా ఖర్చే.

కాజీపేట:
బందైంది చానా మిషన్లకు, గ్రేట్ బ్రిటన్‌ల సొంత పడవలకు కాదు. ఇంజన్‌కు వాడే వంతు మీద పూర్తి డ్యూటీ, హీటర్ వంతు మీద తక్కువ. చానామంది నూటికి ఇంజన్‌కు 60, హీటర్‌కు 40 అని రాస్తరు, గాని నువ్వు నిజంగ వాడేదే చెప్పాలె. చైనా కిట్ల సైలెన్సర్ అతుకులు చూసినవా? పొగ కారుతది. పడవ లోపల అది పెట్టుడు అంటే పానం మీదికి తెచ్చుకునుడే.

జమ్మికుంట:
సైలెన్సర్ మార్చుకుంటె అయిపాయె గదా అన్నా. నాది మంచిగనే నడుస్తున్నది.

ములుగు:
హీటర్ సంగతి సరే, మూరింగ్ (పడవ ఎప్పటికి కట్టుకునే జాగ) ఉన్నదా తమ్మీ? లేకపోతె ఒక్క జాగల 14 రోజులకంటె ఎక్కువ కట్టనియ్యరు, 1995 కాలువల చట్టంల ఉన్నది. బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ నాలుగేండ్లకోపారి. కొన్నప్పుడు దాని తారీఖు చూసిండ్రా?

పరకాల:
ఆ సర్టిఫికెట్‌కు 2019 ఏప్రిల్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే. ఆ గ్యాస్‌కు వాసన ఉండది, కండ్లకు కనపడది. తమ్మీ, ఇయ్యాల్నే ఒకటి కొని పండుకునే కాడ పెట్టుండ్రి, బటన్ నొక్కి మోగుతున్నదో చూడుండ్రి. హీటర్ బాగయ్యేదాక చలి ఆగకపోతె ఎవలింట్లనన్న పండుకోండ్రి. తలుపులు మూసుకొని గ్యాస్ పొయ్యి మాత్రం ముట్టియ్యకుండ్రి. ప్లగ్గు కాడ ఎంత చూపించిందో రేపు రాయి.