బెంగళూరులో ఉంటూ పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి కర్నూలు వెళ్ళాలా?

నమస్కారం అండీ. మాది కర్నూలు, ఉద్యోగం కోసం మారతహళ్ళిలో అద్దెకుంటున్నాం, పాస్‌పోర్ట్ గడువు మార్చిలో అయిపోతోంది, ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంది. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

>> వెళ్ళక్కర్లేదండీ. 2018 నుంచి దేశంలో ఏ పాస్‌పోర్ట్ ఆఫీసులోనైనా అప్లై చేయొచ్చు. కానీ ఫారంలో ఇప్పుడు ఉంటున్న అడ్రసే రాయండి, ఎందుకంటే పోలీస్ వెరిఫికేషన్ పడితే ఆ అడ్రస్‌కే వస్తారు, ఊరిది రాస్తే అక్కడ మీరు లేరని రిపోర్ట్ వెళ్ళి ఫైలు ఆగిపోతుంది.

>> ముందు ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోండి, అదే సుఖం. అద్దె అగ్రిమెంట్ చూపిస్తానంటే రిజిస్టర్ చేయించినదే కావాలి.

>> మార్చి దాకా ఆగొద్దు బ్రో! గడువుకి ఏడాది ముందే రెన్యువల్ చేసుకోవచ్చు, మామూలు 36 పేజీలదానికి ఫీజు 1,500. చాలా దేశాలు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి.