కుమార పర్వతం ఒక్కరోజులో ఎక్కి దిగగలమా?

రాయచోటి కుర్రోడు:
అందరికీ నమస్తే. నవంబర్‌లో ఆశ్లేష బలి పూజకి అమ్మానాన్నలతో కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య వెళ్తున్నాం. మర్నాడు నేనూ తమ్ముడూ ఆ ఊరి పక్కనున్న కుమార పర్వతం ఎక్కాలని ఉంది. అలిపిరి మెట్లు ఇద్దరం ఆగకుండా ఎక్కేస్తాం, ఆ లెక్కన పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు దిగిపోతామా? తమ్ముడికి ఒక మోకాలు అప్పుడప్పుడు నొప్పి పెడుతుంది, పైగా జలగలంటే మహా భయం. దారిలో నీళ్లు దొరుకుతాయా?

పడమటి కనుమలు:
అలిపిరితో పోల్చకండి తమ్ముడూ. అక్కడ 3,550 మెట్లు, నెత్తిన కప్పు, దారంతా అంగళ్లు. ఇక్కడ కుక్కే ఊరు సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటే శిఖరం 1,712 మీటర్లు, అంటే అలిపిరికి రెండింతలు పైనే ఎక్కాలి, రానూపోనూ నడక 20 కిలోమీటర్లు దాటుతుంది. మొదటి అడవిలో వేళ్లూ బండలూ తొక్కుకుంటూ పోవాలి, చెమటలు కారిపోతాయి గానీ నీడైనా ఉంటుంది. భట్టర మనె (దారి మధ్యలో ఉండే భట్టుగారి ఇల్లు) దాటాక చెట్లు పలచబడి గడ్డి కొండలు వస్తాయి, ఆ గట్టు మీద శిఖరానికి ముందు వచ్చే శేష పర్వతం దాకా ఎండకి తల దాచుకునే చోటు ఉండదు, మనుషులు కూలబడేది అక్కడే. శేష పర్వతం చేరగానే అయిపోయింది అనిపిస్తుంది, కానీ అక్కడి నుంచి మళ్లీ షోలా అడవిలోకి (కొండల మడతల్లో ఉండే దట్టమైన అడవి) దిగి నిట్టనిలువుగా ఎక్కాలి. మధ్యాహ్నం 12కి శేష పర్వతం మీద లేకపోతే వెనక్కి తిరిగేయండి, మొహమాటపడొద్దు. మోకాలికి అసలు కష్టం దిగేటప్పుడే.

మలెనాడు కోడలు:
నీళ్ల గురించి చెప్తా. భట్టర మనె దాటాక వచ్చే కల్లు మంటపం (రాతి మండపం) దగ్గర దొరుకుతాయి, కానీ వానలు తగ్గాక ధార సన్నబడిపోతుంది, దాన్నే నమ్ముకోవద్దు, మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి. భట్టర మనెలో వేడి అన్నం, సాంబారు, మజ్జిగ పెడతారు, ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలి. వానలు లేటయితే నవంబర్‌లోనూ జలగలుంటాయి, పొడుగు సాక్సులు వేసుకుని పైన ఉప్పు గానీ పొగాకు పొడి గానీ రాసుకోండి, పట్టుకుంటే పీకకుండా గోటితో పక్కకి నెట్టండి. అటవీ శాఖ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. శిఖరం మీద టెంట్ వేయనివ్వరు. ప్లాస్టిక్ మాత్రం దయచేసి అక్కడ పారేయకండి, అది పుష్పగిరి అభయారణ్యం, ఏనుగులు తిరిగే చోటు.

సోమవారపేట శీను:
మోకాలు తేడాగా ఉంటే కొండకి అవతల, మా సోమవారపేట వైపున్న బీడహళ్లి నుంచి ఎక్కండి అన్నా. ఎత్తూ తక్కువ, దూరమూ తక్కువ, ఎక్కువ భాగం అడవి నీడే. కాకపోతే శిఖరం దగ్గర పెద్ద బండ తడిగా ఉంటే చాలా జారుతుంది, జలగలు కూడా ఇటే ఎక్కువ. కుక్కే నుంచి రోడ్డు మీద చుట్టు తిరిగి రావాలి కాబట్టి పూజ రోజు రాత్రే ఇటు వచ్చి పడుకోండి.

రాయచోటి కుర్రోడు:
చాలా థాంక్స్ అండి, అక్కకి ప్రత్యేకంగా. అమ్మానాన్నలని కుక్కేలో వదిలి అంత దూరం రాలేం. భట్టర మనె దాకా నిదానంగా ఎక్కి, భోజనం చేసి, గడ్డి కొండలు మొదలయ్యే చోటు చూసి దిగేస్తాం. శిఖరం సంగతి తమ్ముడి మోకాలు డాక్టర్‌కి చూపించాక.